పదిహేడో గడి

ముప్ఫై రెండు గడులున్న కాగితం పట్టుకుని
కరోంగా నర్సింగ్ కళాశాలలో
ఆఖరి బెంచీ మీద కూర్చున్నాను.
బెంచీకి ఒక కాలు పొట్టి.
కదిలినప్పుడల్లా అది నా మీదే ఫిర్యాదు చేస్తోంది.

రాజధాని నుంచి పదకొండు గంటల మినీబస్సు,
కాళ్ళ దగ్గర ఎవరిదో ఎండుచేపల బుట్ట,
ఒడిలో ఈ ఫారం, నలగకుండా.

బోధకురాలి పేరు: ఎలెస్టినా న్యిరోంగో.
అనుభవం: పంతొమ్మిదేళ్ళు.
చివరిసారి శిక్షణకి పంపిన సంవత్సరం:
ఇక్కడ ఆవిడ ఒక గీత గీసింది.
చిన్నదే. తిన్ననిది.

బల్ల మీద బొమ్మ రోగి,
ఏదో చలిదేశం వాళ్ళు దానమిచ్చింది.
గులాబి ఒళ్ళు, నీలికళ్ళు,
కుడిచెయ్యి భుజం దగ్గర తాడుతో కట్టి ఉంది.
"రక్తం తక్కువైన మనిషి ఎలా ఉంటుంది?"
"పాలిపోయి," అంది క్లాసంతా, పుస్తకం చెప్పినట్టే.
"ఎక్కడ పాలిపోయి?"
నలభై ఒక్కమంది తమ చేతుల వంక చూసుకున్నారు,
మిసుకు కొండల్లో వేయించిన కాఫీగింజల రంగు చేతులు.

"ఈ పుస్తకం రాసినవాళ్ళు మన అమ్మల్ని చూడలేదు.
చూడ్డం మన పని," అంటూ
అరచెయ్యి తెరిపించింది, చిగురు చూపించింది,
కింది రెప్పని బొటనవేలితో
నిద్రపోయే బిడ్డ మీద దుప్పటి తొలగించినంత మెల్లగా.
ఏడో గడిలో టిక్కు పెట్టాను.

అప్పుడు లుసుంగు అనే పిల్ల లేచింది.
"పసిబిడ్డకి పచ్చకామెర్లు పగలైతే చూస్తాం మేడమ్.
కరెంటు పోయిన రాత్రి దీపానికే పచ్చకామెర్లు గదా,
ఎలా కనిపెట్టాలి?"

ఎలెస్టినా చాక్‌పీసు కింద పెట్టింది.
"నాకు తెలీదు," అంది.
"ఈ రాత్రి ఇద్దరం ప్రసూతి వార్డుకెళ్దాం.
న్యాగోండ్వే ముప్ఫయ్యేళ్ళుగా అక్కడ బిడ్డల్ని తుడుస్తోంది.
ఆవిణ్ణి అడుగుదాం."

పదిహేడో గడి: విషయ పరిజ్ఞానం. ఒకటి నుంచి అయిదు.
తెలీదు అన్న మాటకి ఎన్ని వెయ్యను?
పెన్ను గాల్లోనే ఉంది.

"బొమ్మకి రెప్ప కదలదు.
వెనక కూర్చున్న అమ్మగారూ, కాస్త ముందుకొస్తారా?"
వెళ్ళాను. లుసుంగు వేలికి సబ్బు వాసన.
పైకి చూడమంది. రేకు కప్పులో మేకు కన్నం,
దానిలోంచి ఒక చుక్క ఎండ.
పిల్ల మాట్లాడలేదు. టీచర్ వంక చూసింది.
"చూసింది చెప్పు. మనిషి ఎదురుగా ఉంది, మెల్లగా చెప్పు."
"తెల్లగా ఉంది మేడమ్...
మీకు మెట్లెక్కితే ఆయాసం వస్తుందా?"

వస్తుంది.
రెండేళ్ళుగా వస్తోంది. వయసు అనుకున్నాను,
మూడో అంతస్తు ఆఫీసు అనుకున్నాను.
పద్నాలుగేళ్ళయింది నేను ఒకరి నాడి పట్టుకుని,
పట్టుకునే వాళ్ళకి మార్కులేస్తూ.

సాయంత్రం రక్తపరీక్ష చీటీ రాసిచ్చింది ఎలెస్టినా.
ఫారం సంగతి అడగలేదు.
గీత పక్కన ఏం రాయాలో నేనూ అడగలేదు.

రాత్రి బస గది కిటికీలోంచి
వార్డులో లాంతరు, గోడ మీద మూడు నీడలు.
చెప్పులేసుకున్నాను.
కాగితం మంచం మీదే ఉండిపోయింది.

"ముక్కు మీద వేలితో నొక్కి చూస్తా," అంటోంది న్యాగోండ్వే,
నలుగురం వినడం అలవాటు లేదు కాబోలు, గొంతు తగ్గించి.
"అయినా అనుమానముంటే
తెల్లారేదాకా ఎత్తుకుని కూర్చుంటా."
ఎలెస్టినా రాసుకుంటోంది, పిల్లలా, చేతివేళ్ళకి సిరా.

బిడ్డని నా చేతికిచ్చారు.
నాలుగుంపావు.
తూర్పు కిటికీలో సరస్సు ఇంకా నల్లగానే ఉంది.